నీలం దారం ముడి

“భయమా? అదెలా ఉంటుందో నేనింతవరకూ చూళ్ళేదు బావా. ఎవరి దగ్గరైనా ఉంటే ఓసారి పట్టుకురమ్మను. చూసి, జాగ్రత్తగా తిరిగిచ్చేస్తా,” అన్నాడు డప్పు, మిలిటరీ ఆసుపత్రి కిటికీ గట్టు మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ.

సరిగ్గా అప్పుడే వరండాలో నర్సమ్మ చేతిలోంచి స్టీలు ట్రే జారిపడింది.

ఆ చప్పుడు ఆగేలోపు డప్పు మంచం కిందున్నాడు. గట్టు దిగడం గానీ, నడవడం గానీ, వంగడం గానీ ఎవరూ చూడలేదు. ట్రే మోతకి పక్క వార్డులో ఎప్పట్నుంచో స్పృహలేని ఒకాయన లేచి కాఫీ అడిగాడని డప్పు తర్వాత అందరికీ చెప్పాడు. మంచం కింద దూరిన సంగతి మాత్రం చెప్పలేదు.

“లేవరా. ట్రే అది,” అన్నాడు మంచం మీదున్న నిచ్చెన, పొడుగు వల్ల ఆ పేరొచ్చినవాడు.

“నాకు తెలీదా? నీ మంచం మరలు బిగించారో లేదో చూస్తున్నా. మనవాళ్ళ పనిని నమ్మలేం కదా.”

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఆ గదిలో అనకూడని మాట అదొక్కటే. నిచ్చెన కుడికాలు తొడదాకా తెల్లకట్టులో, తాడుకి వేలాడుతోంది.

పోయినవారం ఈ నిచ్చెనని మనం ఆకాశంలో వదిలేశాం. సగమే విచ్చుకున్న గొడుగు కింద, గింగిరాలు తిరుగుతూ. అప్పట్నుంచి మనిషిని గాల్లోనే ఉంచినందుకు చాలామంది తిట్టుకుని ఉంటారు. ఇక ఊపిరి పీల్చుకోండి, దిగాడు. పొట్ట మీదుండే చిన్న గొడుగు ఆఖరి క్షణంలో విచ్చుకుంది. ప్రాణం దక్కింది, కాలు విరిగింది. వచ్చిన ప్రతి నర్సుకీ తనే భూమిని తన్నాననీ, అది కాస్త పక్కకి జరిగిందనీ చెబుతున్నాడు. ఆ విద్య డప్పు దగ్గర నేర్చుకున్నదే.

గొడుగంటే పారాచూట్. విమానంలోంచి దూకే ఆ శిబిరంలో దాన్ని పారాచూట్ అనేది కొత్తగా చేరినవాళ్ళే. వాటిని మడిచే హాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం ఉంటుంది. మడిచి సంచిలో పెట్టాక, మూత మీద తమ రంగు దారంతో ముడి వేస్తారు. గొడుగు మొరాయిస్తే అది ఎవరి చేతి పనో ఆ దారమే చెబుతుంది. సంచులు వరసగా పేర్చి ఉంటాయి. దూకేవాడు తన ముందు ఏది ఉంటే అది తగిలించుకోవాలి. ఏరుకోవడాలూ, అడగడాలూ లేవు.

ఆ నియమానికి కాపలా తలుపు మాస్టారు. విమానం తలుపు దగ్గర నిలబడి భుజం తట్టి దూకించేది ఆయన. ఆయన భార్య పెద్దక్క, మడతల హాల్లో అందరికీ గురువు. ఆవిడది తెల్ల దారం. ఆవిడ మడిచేది, ఆయన దూకేవాడు, అలా చూసుకుని, అక్కడే పెళ్ళాడి, తలలు నెరిసేదాకా అదే శిబిరంలో కాపురం చేస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆయన ఏ రంగు వస్తే ఆ రంగుతోనే దూకాడు. “నా పెళ్ళాం మడిచిందే నాకు కావాలంటే, మిగతావి వేసుకునేవాడిది ప్రాణం కాదా?” అంటాడు. కొత్త జంటలన్నిటికీ వాళ్ళే ఆదర్శం. ఆ శిబిరంలో ఎవరైనా ఎవర్నైనా ప్రేమిస్తే ముందు పెద్దక్క చేతి కాఫీ తాగి రావాల్సిందే.

ఇక నీలం దారం. అది పుర్రచెయ్యిది. ఎడమచేతి వాటం కాబట్టి శిబిరమంతా ఆమెనలాగే పిలుస్తుంది. హోదాలో డప్పు కంటే ఒక మెట్టు పైన, అందుకే అతను మాత్రం ‘మేడమ్’ అంటాడు. ప్రేమించాక కూడా ఆ పిలుపు మార్చలేదు. వాళ్ళ ప్రేమకథ అందరికీ కంఠతా వచ్చు. అంతమంది మడిచే హాల్లోంచి, అంత పొడుగు వరసలోంచి, నీలం దారం సంచి మళ్ళీ మళ్ళీ వచ్చి డప్పు ముందే కూర్చునేది. దిగిన ప్రతిసారీ ఆ తెగిన దారం ముక్క దాచుకున్నాడు. చివరికి తాళాల గుత్తికి నీలం కుచ్చులా కట్టి, “మేడమ్, ఇది మీరూ నేనూ చేసింది కాదు, పైవాడు చేస్తున్నాడు,” అని ఆమెకి చూపించాడు. ఆమె నవ్వి ఒప్పుకుంది. పెళ్ళికి అనుమతి కాగితం మీద కమాండర్ సంతకం కూడా అయిపోయింది.

పైవాడికి ఇందులో ఏ సంబంధమూ లేదు. సంచులు మార్చింది డప్పు.

తలుపు మాస్టారికి అనుమానం వచ్చింది. “ఈ నీలం దారం నీ వీపుకే ఎందుకు అంటుకుంటోందిరా?” అని, నిచ్చెన దూకిన రోజున వరస తనే పేర్చాడు. డప్పు ముందు తెల్లది, పక్కన నిచ్చెన ముందు నీలం. అయినా డప్పు ఊరుకోలేదు. ఆయన అటు తిరగ్గానే సంచులు మార్చాడు. వరస ఆయన పేర్చినట్టే కనబడాలి కాబట్టి, ఈసారి దారాలు కూడా విప్పి మార్చి కట్టాడు. అంటే నీలం దారం కట్టుకుని నిచ్చెనతో దూకింది తెల్లదారం మడత. అదే సగం విచ్చుకుంది. నేరం నీలం మీద పడింది. ఆ రోజు నుంచి పుర్రచెయ్యిని మడతలు ముట్టుకోనివ్వడం లేదు. డప్పు నోరు విప్పలేదు. ఎప్పుడూ మూతపడని ఆ నోరు మూతపడటం చూసి, పాపం ప్రేమించినవాడు కదా, కుమిలిపోతున్నాడని అందరూ జాలిపడ్డారు. ఆ జాలి అతనికి అన్నం సహించనివ్వడం లేదు.

“ఒరే,” అన్నాడు నిచ్చెన. “నిన్న మీ మేడమ్ వచ్చింది.”

డప్పు మంచం కింది నుంచి తల బయటపెట్టాడు. “ఏమంది?”

“నేనే ముందు చెప్పా. అమ్మా, నీ మీద నాకేం కోపం లేదు, చెయ్యి అన్నాక పొరపాటు పడుతుందీ అని. ఆ పిల్ల ఏడ్చేస్తుందనుకున్నా. ఏడవలేదురా. ‘అది నా మడత కాదు. పెద్దక్కది’ అంది.”

“ఏంటీ?”

“తన మడత సరిగ్గా కుదర్లేదని పెద్దక్కకి తెలిసే, తన దారం విప్పి ఈ పిల్ల దారం కట్టిందట. ఇవాళ మధ్యాహ్నం విచారణలో అదే చెప్తానంది.” నిచ్చెన గొంతు తగ్గించాడు. “పెద్దక్క అలా చేస్తుందంటావా? నాకు జ్వరమొస్తే గంజి కాచి పట్టుకొచ్చిన మనిషిరా ఆవిడ.”

డప్పు గబుక్కున లేవబోయి మంచం పట్టీకి తల కొట్టుకున్నాడు. నొప్పి కూడా తెలీలేదు.

“నీ మొహమేంట్రా అలా సున్నం కొట్టినట్టయింది?”

“మంచం కింద దుమ్ము బావా,” అని బయటికి పరిగెత్తాడు.

ఆసుపత్రి నుంచి మడతల హాలు దాకా సిమెంటు రోడ్డు. దారి పొడుగునా డప్పు అబద్ధాలు వెతుక్కున్నాడు. మొదట ఎలుక అనుకున్నాడు. ఎలుకలు దారాలు కొరుకుతాయి గానీ రంగు చూసి ముడులెయ్యవు. తర్వాత శత్రుదేశపు గూఢచారి. ముళ్ళకంచె దాటి, కుక్కల్ని మాయచేసి, ఇంత దూరం వచ్చినవాడు రెండు దారాలు మార్చి ఊరుకుంటాడా? వాడికి మాత్రం పై అధికారులుండరూ? ఏ అబద్ధం తీసినా చివర్లో పెద్దక్క మొహమే కనబడుతోంది. ఇన్నాళ్ళూ అతను పేల్చిన కోతలన్నీ ఒక్కటి కూడా అక్కరకు రాకుండా మూకుమ్మడిగా సెలవు పెట్టినట్టున్నాయి.

హాల్లో పొడవాటి బల్లలు. అవతలి చివర, ఎత్తయిన కప్పు నుంచి తడి గొడుగులు ఆరడానికి వేలాడుతున్నాయి. వాటి వెనకెక్కడో దర్జీ మిషను టకటకమని ఆడుతోంది. భోజనాల వేళ కావడంతో ఇంకెవరూ లేరు. ఒక బల్ల ముందు స్టూలు మీద పుర్రచెయ్యి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ముట్టుకోవద్దన్న ఆర్డరుని చేతులు వినడం లేదు కాబోలు. పక్కన మూత తీయని కారియర్. అది పెద్దక్క ఇంటిదని డప్పుకి తెలుసు. పెళ్ళయ్యేదాకా ఆమె ఉంటున్నది వాళ్ళింట్లోనే.

“తినలేదా మేడమ్?”

“ఆవిడ చేత్తో పెట్టింది ఎలా తినను?” కారియర్ వైపు చూడకుండా అంది. “నిచ్చెన చెప్పేశాడా?”

“చెప్పాడు. పెద్దక్క కాదు మేడమ్.”

“నేనూ అదే అనుకున్నా. నాలుగు రాత్రులు అదే అనుకుంటూ పడుకున్నా. ఇలా రా.” బల్ల మీద నిచ్చెన ఖాళీ సంచి ఉంది. గడ్డంతో చూపించింది. “తాళ్ళు పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు చూడు. ఆ ఉచ్చులు ఎటు తిరిగున్నాయి?”

“కుడివైపు.”

“నాది?”

డప్పు సంచి మీంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె పేరే పుర్రచెయ్యి. శిబిరంలో కుక్కలకి కూడా తెలిసిన సంగతి. సంచి మారిస్తే చాలు, దారం మారిస్తే చాలు అనుకున్నాడు గానీ, చెయ్యి మార్చలేనని అతనికి తట్టనేలేదు.

“నేను తగిలిస్తే ఎడమవైపు తిరుగుతాయి. ఇవి కుడివైపు, అదీ రెండు మెలికలు. ఈ హాల్లో రెండు మెలికలు వేసేది పెద్దక్క ఒక్కతే. అమ్మ పోయి నేనిక్కడికొస్తే, చెయ్యి పట్టుకుని నేర్పిందయ్యా. ఎడమచేత్తో ఎలా మడవాలో నాకు చూపించడానికి తను ఎడమచేత్తో మడిచి చూపించింది. అలాంటి మనిషి నా దారం కట్టి...” ఆగింది. “నా మీద అరిచినా బావుండేది. రోజూ కారియర్ కడుతోంది.”

“మేడమ్, ఆవిడ మడతలో తప్పుండదు. అసలుండదు,” అన్నాడు డప్పు. పెద్దక్కని ఎలాగైనా కాపాడాలన్న ఆవేశంలో నోటికి పాత అలవాటొచ్చేసింది. “ఆ రోజు నాకొచ్చింది పెద్దక్క తెల్లదారమే కదా! ఎంత మెత్తగా విచ్చుకుందనుకున్నారు? కుదుపన్నది లేదు. ఎవరో ఎత్తుకుని జోకొట్టినట్టు. గాల్లో ఓ కునుకు కూడా తీశాను. అచ్చం మీ మడతలాగే...”

ఆమె తలెత్తింది.

“అచ్చం నా మడతలాగే?”

“అంటే... గురువు కదా... పోలిక...”

పుర్రచెయ్యి లేచింది. ఆ రోజు వాడిన సంచులన్నీ విచారణ కోసం గోడవార అరలో పెట్టి ఉన్నాయి. వాటిలోంచి డప్పుది లాగి బల్ల మీద పడేసింది. ముట్టుకోవద్దన్న ఆర్డరు ఇప్పుడు గుర్తులేదు. మూత తెరిచింది. మూతకి తెల్లదారం ముక్క ఇంకా అంటుకునే ఉంది. లోపల రబ్బరు ఉచ్చులన్నీ ఒకే వైపు చూస్తున్నాయి.

ఎడమవైపు.

ఆమె వాటిని చూసింది. తర్వాత అతని జేబు చూసింది. తాళాల గుత్తి నీలం కుచ్చు జేబులోంచి వేలాడుతోంది.

“చెప్పు,” అంది.

“ఎలుక...” అని మొదలుపెట్టాడు. ఆమె నవ్వలేదు. తిట్టలేదు. నిలబడి ఎదురుచూసింది, అంతే. అంత భయం అతనికి విమానం తలుపు దగ్గర కూడా ఎప్పుడూ వేయలేదు.

“నేనే,” అన్నాడు. “సంచులు మార్చాను. మాస్టారు కనిపెట్టేస్తారని దారాలూ మార్చాను. పెద్దక్కకి ఏమీ తెలీదు. నిచ్చెన తగిలించుకోవాల్సింది మీ గొడుగు. నేను తగిలించుకున్నాను. వాడి కాలు నాది మేడమ్. నాకు విరగాల్సింది.”

“ఎందుకు?”

“మీ మీద ప్రేమతో” అనడం చాలా సులువు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి, పళ్ళ మధ్య నిలబడింది. మొదటిసారి డప్పు దాన్ని మింగేశాడు.

“భయం,” అన్నాడు. “నాకు చచ్చేంత భయం మేడమ్. మొదట్నుంచీ. తలుపు దగ్గర నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి కబుర్లు చెప్పుకుంటాయి. అది ఎవరికీ వినబడకూడదనే ఇంత వాగుతాను. మిగతావాళ్ళు కబుర్లాడుకుంటూ మడుస్తారు. మీరు మడుస్తుంటే ఓ రోజు ఈ కిటికీలోంచి చూశాను. నిద్రపోతున్న పసిపిల్లకి దుప్పటి సర్దుతున్నట్టు ఉంది. అది నా వీపు మీదుంటే నేను బతుకుతాననిపించింది. అప్పుడు నాకు మీ పేరు కూడా తెలీదు. చేతులే తెలుసు.”

“అంటే నిచ్చెన బతక్కపోయినా ఫర్వాలేదు.”

“అలా అనుకోలేదు.”

“అసలనుకోలేదు. అదే కదా.” ఆమె స్టూలు పక్కకి తోసింది. “నేను ఏ మడత మడిచినా, ఇది ఎవరి వీపు మీదికెళ్తుందో తెలీదు కాబట్టే అంత జాగ్రత్తగా మడుస్తాను. నీ కోసమని ఎప్పుడూ మడవలేదు. నువ్వేమో వరసలో నీ పక్కనున్నవాణ్ణి తోసేసి, దానికి పైవాడి పేరు పెట్టావు. నేనది నమ్మి నవ్వాను. ఒప్పుకున్నాను. ఇవాళ ఇంకాసేపుంటే, నాకు అన్నం పెట్టినావిణ్ణి దొంగని చేసేసేదాన్ని. నీ వల్ల.”

డప్పు జేబులోంచి గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“ఒక్కటి అడుగుతా,” అంది. “నిజం చెప్పడం నీ ఒంటికి పడదు, తెలుసు. అయినా అడుగుతా. మొదటిది? ఆ మొట్టమొదటిసారి, నువ్వు దిగి నేరుగా ఇక్కడికొచ్చి ‘నీలం దారం ఎవరిది’ అని అరిచావే, అది కూడా మార్చిందేనా?”

“కాదు మేడమ్! ఒట్టు! ఆ ఒక్కటీ మార్చలేదు. ఆ రోజు చూస్తే అదే నా ముందుంది. దానంతటదే వచ్చింది.”

చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే వినబడింది. శత్రు విమానాన్ని తుమ్మి కూల్చానని చెప్పినప్పుడు కూడా సరిగ్గా ఇదే గొంతు, ఇదే ఒట్టు. జన్మలో ఒకే ఒక్క నిజం చెప్పాల్సి వచ్చి, దానికి కట్టడానికి వేరే బట్టలు లేక అబద్ధాల బట్టలే కట్టినట్టుంది. ఆమె నమ్మలేదని ఆమె కళ్ళే చెప్పాయి.

అప్పుడు గమనించారు ఇద్దరూ. మిషను చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపైందో తెలీదు.

వేలాడుతున్న గొడుగుల్ని చేత్తో పక్కకి తొలగించుకుంటూ పెద్దక్క వచ్చింది. దర్జీ సెలవులో ఉన్నాడన్న సంగతి ఇద్దరికీ ఇప్పుడు గుర్తొచ్చింది. కళ్ళద్దాలు నుదుటి మీద, మెడలో కొలతల టేపు. వచ్చి బల్ల మీదున్న నిచ్చెన సంచి దగ్గర నిలబడింది. కళ్ళద్దాలు దించుకుని, ఉచ్చుల మీద వేలు రాసింది.

“నాదే,” అంది. “రెండు మెలికలు. నాదే.”

“అక్కా, నేను నిన్ను...” అంది పుర్రచెయ్యి.

“విన్నానులే తల్లీ. అంతా విన్నాను.” ఆవిడ తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది, ఎవరివో అప్పు తెచ్చుకున్నట్టు. “ఆ పొడుగాటి పిల్లాడి కాలు ఈ చేతులు విరిచాయన్నమాట. గంజి కూడా కాచి పెట్టాను వాడికి, ఇదే చేత్తో. వాడు నాకు థాంక్స్ చెప్పాడు.”

డప్పు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “పెద్దక్కా, తప్పు నాది. నేను మార్చకపోతే ఆ తెల్లది నాకే వచ్చేది. నాకే విరిగేది. మీ పేరు బయటికి రానివ్వను, నేనే ఏదో ఒకటి...”

“ఇంకో కథ అల్లుతావా? లే.” చెవి పట్టుకుని లేపింది. వదిలేశాక కూడా ఆ చెయ్యి అతని భుజం మీదే ఉండిపోయింది. తర్వాత పుర్రచెయ్యి వైపు తిరిగింది. “వీడు నిజం చెప్పేది ఏడాదికోసారి. ఇవాళ చెప్పాడు. ఆ మొదటిది వీడు మార్చలేదు.”

“నీకెలా తెలుసక్కా?”

“అప్పట్లో వరస పేర్చేది నేను.” ఆవిడ గొంతు బాగా తగ్గింది. “పొద్దున్నే చూస్తే వీడు గోడవార నిలబడి వణుకుతున్నాడు, పైకి జోకులేస్తూ. ఈ పిల్లాడు ఇవాళ దూకడు, దూకితే గుండాగి పోతాడనిపించింది. జాలేసింది. వరసలో వీడి ముందున్నది తీసి అవతల పెట్టి, నీది తెచ్చి పెట్టాను. హాల్లో అన్నిటికంటే మంచి మడత నీదే కాబట్టి. నాదానికంటే మంచిది. అంటే, తీసేసిన ఆ సంచి ఇంకెవరికో పోయింది. వాడికేం కాలేదు గనక నేను మర్చిపోయాను.” ఆగింది. “వరస మొదట చెడగొట్టింది వీడు కాదు. నేను. ఇన్నేళ్ళ కాపురంలో మీ మాస్టారి దగ్గర నేను దాచింది ఇదొక్కటే.”

గుమ్మంలో బూట్ల చప్పుడు.

తలుపు మాస్టారు. చొక్కా మడత నలగకుండా, టోపీ వంకర లేకుండా, ఎప్పట్లాగే. ఆయన ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఆ మొహంలో ఏమీ లేదు. బల్ల మీద తెరిచి ఉన్న రెండు సంచులూ చూశాడు. నీలం కుచ్చు చూశాడు. భార్య మొహం మాత్రం చూడలేదు.

“విచారణకి పిలుస్తున్నారు,” అన్నాడు. ఆపైన విమానంలో అడిగినట్టే, అదే గొంతుతో అడిగాడు. “ముందెవరు?”

డప్పు ఎప్పుడూ వరస చివర నిలబడేవాడు. మోకాళ్ళు ఒకదానికొకటి కబుర్లు మొదలుపెట్టాయి. ఈసారి అవి ఎవరికి వినబడినా ఫర్వాలేదనుకుని ఒక అడుగు ముందుకేశాడు.

“నేను సార్. సంచులు మార్చింది నేను. దారాలు కట్టింది నేను. మీరు పేర్చిన వరస నేను...”

వెనక నుంచి ఎవరో అతని చొక్కా పట్టి లాగారు. పెద్దక్క అతన్ని పక్కకి జరిపి, మొగుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“వాణ్ణి ఆగమనండి,” అంది. “ముందు నేను.”